గొలుసు తెగిన రాత్రి: టీబీ డ్యామ్ ఎవరిది?

కర్నూలు, అనంతపురం, గద్వాల వైపు వాళ్లు చాలాకాలంగా అడుగుతున్న టాపిక్ ఇది. "అన్నా, మన టీబీ డ్యామ్ సేఫేనా?" అని. ఒక్క ముక్కలో సేఫ్ అనో కాదనో చెప్పేస్తే వీడియో ఇక్కడితో అయిపోతుంది. కానీ అలా చెప్పేది కాదు ఇది. కాబట్టి కొంచెం ఓపిగ్గా వినండి.

2024 ఆగస్టు 10, శనివారం. రాత్రి 11 గంటల ప్రాంతం. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ దాదాపు నిండుగా ఉంది, 105 టీఎంసీల వరకు. ఆ ఏడాది వానలు బాగా పడ్డాయి. ఆయకట్టులో రైతులు అప్పుడే నాట్లు వేసుకుని, ఈసారి రెండు పంటలు గ్యారంటీ అనుకుంటున్నారు. ఆ టైమ్‌లో 19వ నంబర్ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. అంతే. బాంబు లేదు, భూకంపం లేదు, చెప్పుకోదగ్గ వరద కూడా లేదు. ఒక పాత గొలుసు తెగింది.

ఆ రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా మన ఫోన్లలో తిరిగిన మాట "డ్యామ్ తెగిపోయింది". ఇది ముందు క్లియర్ చేసుకుందాం, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే ఆధారపడి ఉంది. డ్యామ్ తెగడం వేరు, గేటు పోవడం వేరు. డ్యామ్ అంటే ఆ రాతి గోడ. గోడకి ఏమీ కాలేదు. గోడ పైభాగంలో 33 గేట్లు ఉంటాయి. ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. డ్యామ్ పూర్తి మట్టం 1,633 అడుగులు. అందులోంచి గేటు ఎత్తు 20 తీసేయండి, 1,613. అంటే గేటు పోతే పోయేది 1,613 అడుగులకి పైన ఉన్న నీళ్లే. కింద నీళ్లు గోడ వెనకాల అలాగే ఉంటాయి. ఊళ్లకి ఊళ్లు ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం వేరే, ఇది వేరే.

అయితే "గేటే కదా పోయింది" అని తేలిగ్గా తీసుకునే విషయమూ కాదు. ఒక చిన్న లెక్క చెప్తాను. డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు ఆ ఒక్క గేటు మీద నీళ్లు తోసే బలం దాదాపు 340 టన్నులు. నిండుగా లోడ్ చేసిన పన్నెండు పెద్ద లారీలు ఒక తలుపు మీదకి ఒరిగి నిలబడ్డాయనుకోండి. ఆ తలుపుని పైకీ కిందకీ లాగేది గొలుసు. గొలుసుకి అవతలి కొసన బరువు వేలాడుతూ ఉంటుంది, మన పాతకాలం బావి దగ్గర ఏతం గుర్తుందా, అదే సూత్రం. ఒక వైపు బరువు దిగితే ఇంకో వైపు గేటు లేస్తుంది. డెబ్బై ఏళ్లుగా ఎండ, వాన, తడి, తుప్పు. ఆ గొలుసు లింకుల్లో ఒకటి అలిసిపోయింది.

ఆ ఒక్క సందులోంచి సుమారు 35,000 క్యూసెక్కులు పోవడం మొదలైంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. రోజుకి 86,400 సెకన్లు. గుణించి చూడండి, రోజుకి 3 టీఎంసీలు. ఒక్క గేటులోంచి. మిగతా గేట్లు మూసి ఉంచితే ఒత్తిడి వాటి మీద పడుతుంది, వాటి గొలుసులూ అదే వయసువి. అందుకని ఇంజినీర్లు మిగతా గేట్లు కూడా ఎత్తేశారు. మొత్తం లక్ష క్యూసెక్కుల దాకా కిందకి వదిలారు. అంటే రైతు కోసం దాచిన నీళ్లని రైతు కళ్లముందే, డ్యామ్‌ని కాపాడటానికి పారబోయాల్సి వచ్చింది.

ఇక్కడ అసలు డైలమా ఏంటంటే, కొత్త గేటు పెట్టాలంటే నీళ్లు 1,613 కిందకి దిగాలి. అంటే 60 టీఎంసీల దాకా పోవాలి. అంత పోతే ఆ సీజన్ పంట సంగతేంటి? నాలుగు జిల్లాలు కాదు, మూడు రాష్ట్రాలు. అప్పుడు హోస్పేటకి వెళ్లిన మనిషి కన్నయ్య నాయుడు గారు. మన ఆంధ్ర ఆయన, గేట్ల నిపుణుడు, రిటైరై చాలా ఏళ్లైంది. ఆయన సలహా ఏంటంటే, నీళ్లు తగ్గేదాకా ఆగొద్దు, పారుతుండగానే అడ్డు వేద్దాం. 20 అడుగుల గేటుని ఐదు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క నాలుగడుగుల ఎత్తు, 60 అడుగుల పైన పొడవు, క్రేన్లతో పైనుంచి ఒకదాని మీద ఒకటి దించాలి. వీటిని స్టాప్‌లాగ్‌లు అంటారు. పాత కిరాణా షాపులకి చెక్కపలకలు ఒక్కొక్కటీ గాడిలోకి జార్చి మూసేవాళ్లు చూడండి, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ గాడిలో 30 వేల క్యూసెక్కుల ప్రవాహం ఉంది.

మొదటి ప్రయత్నం కుదరలేదు. ఆగస్టు 16న మొదటి ముక్క కూర్చుంది. 17కల్లా ఐదూ కూర్చున్నాయి. అప్పటికి పోయినవి 30 టీఎంసీల పైమాటే. తర్వాత మళ్లీ వానలు పడి డ్యామ్ నిండింది, పంట బతికింది. అక్కడ పనిచేసిన వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, ఆ నీటి హోరు మీద వేలాడుతూ పలకల్ని గాడిలో కూర్చోబెట్టిన కూలీలు, వాళ్ల పేర్లు ఎవరికీ తెలీవు. వాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

కానీ నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. నెల తిరక్కుండానే, సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో కృష్ణకి భారీ వరద వచ్చి, పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. అక్కడికి ఎవర్ని పిలిచారు? మళ్లీ కన్నయ్య నాయుడు గారినే. ఆయన గొప్పతనం ఆయనది, సందేహం లేదు. అయితే కృష్ణా, గోదావరి, పెన్నా, తుంగభద్ర, ఇన్ని నదుల మీద ఇన్ని వందల గేట్లు పెట్టుకున్న మనం, అర్ధరాత్రి ఫోన్ చేయడానికి ఒక రిటైరైన పెద్దాయన నంబర్ మీద ఆధారపడ్డామంటే ఎలా అర్థం చేసుకోవాలి? ఇంజినీరింగ్ కాలేజీలకి మన దగ్గర లోటు లేదు. మీలో మెకానికల్ చదివేవాళ్లు ఎంతమంది హైడ్రాలిక్ గేట్ల గురించి ఒక్క క్లాసన్నా విన్నారో నాకు తెలుసుకోవాలనుంది.

సరే, "ఇంత పాత డ్యామ్ ఎందుకు, కూల్చి కొత్తది కట్టొచ్చు కదా" అనేవాళ్లున్నారు. వయసు ఒక్కటే ప్రమాదం కాదండి. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఇప్పటికీ నీళ్లిస్తోంది. తుంగభద్ర గోడ రాళ్లతో, సున్నం–సుర్కీ కలిపిన గారతో కట్టింది. సుర్కీ అంటే కాల్చిన ఇటుక పొడి. మన పాత కోటలు, గుళ్లు ఎన్నో అలా నిలబడినవే. గోడ ఆయుష్షు వేరు, ఇనుము ఆయుష్షు వేరు. గేట్లు, గొలుసులు, రోలర్లు, ఇవన్నీ 45, 50 ఏళ్లకి మార్చుకోవాల్సిన సామాను అని ఇంజినీర్ల లెక్క. ఇల్లు తాతల నాటిదే అయినా కరెంటు వైరింగ్ మార్చుకుంటాం కదా. ఈ డ్యామ్ 1953లో పూర్తయింది. 2024లో తెగింది దాదాపు 70 ఏళ్ల ఇనుము. అంటే ఇరవై ఏళ్లకి పైగా మనం అరువు తెచ్చుకున్న టైమ్ మీద నడిపాం.

ఎందుకు మార్చలేదు? డబ్బు లేకనా? ఇదే ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పదలుచుకున్న అసలు పాయింట్. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

తుంగభద్ర అప్పట్లో సరిహద్దు నది. ఎడమ గట్టు నిజాం హైదరాబాద్ రాజ్యం, కుడి గట్టు బ్రిటిష్ వాళ్ల మద్రాస్ ప్రెసిడెన్సీ. ఇద్దరూ నీళ్ల కోసం ఎన్నో ఏళ్లు వాదించుకుని, చివరికి 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి వేశారు. రాయలసీమ కరువు తెలిసినవాళ్లకి ఆ రాయి విలువ తెలుస్తుంది. గమ్మత్తేంటంటే డ్యామ్‌ని సగం వాళ్లు, సగం వీళ్లు కట్టారు. ఎడమ సగం హైదరాబాద్ ఇంజినీర్లు, కుడి సగం మద్రాస్ ఇంజినీర్లు. కట్టడం పూర్తయ్యేసరికి కట్టిన రెండు రాజ్యాల్లో నిజాం పాలన పోయింది, మద్రాస్ చీలిపోతోంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, బళ్లారి మైసూరుకి వెళ్లింది. 1956లో రాయచూరు వైపు కూడా అటే వెళ్లింది. దాంతో డ్యామ్ మొత్తం ఇప్పటి కర్ణాటకలో, నీళ్లలో వాటా మాత్రం మనకూ. 2014 తర్వాత తెలంగాణ కూడా చేరింది. దీన్ని నడపడానికి 1953లోనే తుంగభద్ర బోర్డు పెట్టారు. కేంద్రం మనిషి, రాష్ట్రాల మనుషులు అందులో కూర్చుంటారు. ఖర్చు రాష్ట్రాలు పంచుకుంటాయి.

వాటాల లెక్క చూడండి. బచావత్ ట్రిబ్యునల్ ప్రకారం డ్యామ్ దగ్గర 212 టీఎంసీలు. కర్ణాటకకి 138.99, ఆంధ్రప్రదేశ్‌కి 66.5, తెలంగాణకి ఆర్డీఎస్ కింద 6.51. మన 66.5లో హెచ్చెల్సీకి 32.5, ఎల్లెల్సీకి 24, కేసీ కెనాల్‌కి 10. దశాంశ స్థానాల దాకా పంచుకున్నాం. దానికి తోడు పూడిక. మొదట్లో 133 టీఎంసీలు పట్టే డ్యామ్ ఇప్పుడు 106 కూడా పట్టదు. కుండ చిన్నదయ్యే కొద్దీ గొడవ పెద్దదవుతుంది, అది సహజం. ప్రతి ఏడాదీ మీటింగ్‌లు, లేఖలు, ధర్నాలు. మా వాటా తగ్గింది, వాళ్లు దొంగగా తోడుకుంటున్నారు, పైన రిజర్వాయర్ కడతాం, కట్టనివ్వం.

ఇన్నేళ్ల ఈ గొడవల్లో "19వ నంబర్ గేటు గొలుసు ఎప్పుడు మార్చారు" అని ఒక్క అసెంబ్లీలో ఒక్కరు గట్టిగా అడిగి సభని ఆపారా? నీళ్లు అందరివీ, కాబట్టి అందరూ కొట్లాడతారు. గొలుసు కూడా అందరిదే, కాబట్టి అది ఎవరిదీ కాదు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ సంగతి తెలుసు కదా. ఎవరి ఫ్లాట్ టైల్స్ వాళ్లు మెరిపించుకుంటారు, లిఫ్ట్ తాడు గురించి మాత్రం మెయింటెనెన్స్ మీటింగ్‌లో ఆఖరి ఐదు నిమిషాలు. బోర్డులో చెడ్డవాళ్లున్నారని నేను అనట్లేదు. గేటు కొట్టుకుపోయాక రాత్రింబవళ్లు నిలబడ్డది కూడా ఆ ఇంజినీర్లే. ఏర్పాటే అలా ఉంది: నీళ్లలో ఒక టీఎంసీ తక్కువైతే మంత్రి పదవి కదులుతుంది, గ్రీజు పెట్టకపోతే ఎవరి కుర్చీ కదలదు.

ఇలాంటిదే ఇంకో డ్యామ్ పేరు మీరు వినే ఉంటారు, ముల్లపెరియార్. 1895లో పూర్తయింది. అది కూడా సున్నం–సుర్కీయే. ఉన్నది కేరళ నేల మీద, నడిపేది తమిళనాడు. 1886లో తిరువాన్కూరు రాజ్యంతో 999 ఏళ్ల లీజు రాయించుకున్నారు. ఆ నీళ్లు కొండకి తవ్విన సొరంగంలోంచి తేని, మధురై వైపు వెళ్తాయి. అక్కడ ఆ డ్యామ్ కట్టించిన పెన్నీక్విక్‌ని దేవుడిలా చూస్తారు. ఇటు డ్యామ్ కింద ఇడుక్కి జిల్లాలో జనం ప్రతి వానాకాలం భయంతో పడుకుంటారు. నీటిమట్టం 136 అడుగులా, 142 అడుగులా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2014లో కోర్టు 142కి అనుమతిచ్చింది. అక్కడ గీత స్పష్టంగా ఉంది, లాభం ఒకరిది, భయం ఇంకొకరిది. తుంగభద్రలో లాభమూ, భయమూ కలగలిసి ఉన్నాయి. కాబట్టి మనం ముల్లపెరియార్ కంటే తేలిగ్గా మాట్లాడుకోగలగాలి కదా? అలా జరగలేదు.

మన రెండు రాష్ట్రాల మధ్యే చూడండి. 2023 నవంబర్ ఆఖర్లో, తెలంగాణ పోలింగ్ ముందు రాత్రి, నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఆంధ్ర పోలీసులు 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. 26 గేట్లలో సగం మావి అని. తర్వాత కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాశాయి. ఎవరి వాదన సరైనదో ఈరోజు నేను తేల్చను. ఒకటే అడుగుతాను. వరద వచ్చినప్పుడు ఎవరు ఏ గేటు ఎత్తాలో కంచె వేసినవాళ్లు నిర్ణయిస్తారా? నదికి 13వ గేటు దగ్గర రాష్ట్రం మారుతుందని తెలుసా?

గేటు పోవడం ఒక రకం ప్రమాదం అయితే, గేటు లేవకపోవడం ఇంకా భయంకరం. 2021లో మనం రెండూ చూశాం. ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. నీళ్లు పోయాయి, ప్రాణాలు పోలేదు. అదే ఏడాది నవంబర్ 19, తెల్లవారుజామున, రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు. పైన పింఛా కట్ట తెగి వరద మీద వరద వచ్చింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. లేచిన నాలుగూ అంత నీటిని దాటించలేకపోయాయి. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లాయి. మట్టికట్ట మీద నీళ్లు పొర్లితే ఇక ఏ ఇంజినీరూ ఏమీ చేయలేడు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట. కార్తీక మాసం, శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్లినవాళ్లు కూడా తిరిగి రాలేదు. ఆ ఊళ్లు రెండు రాష్ట్రాల మధ్య లేవు, ట్రిబ్యునల్ లేదు, పక్క రాష్ట్రం మీద నెపం వేసే వీలు కూడా లేదు. అక్కడా పోయింది ఒక గేటు దగ్గరే.

మళ్లీ హోస్పేటకి వద్దాం, తర్వాత ఏమైంది అని. కేంద్ర జలసంఘం మాజీ ఛైర్మన్ ఎ.కె. బజాజ్ ఆధ్వర్యంలో నిపుణులు చూశారు. ఒక్క 19 కాదు, 33 గేట్లూ మార్చాలన్నారు. మార్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు కదా. అందుకే 2025 వానాకాలంలో పాత గేట్ల మీద భారం పడకూడదని 80 టీఎంసీలే నిల్వ చేశారు. నది నిండా నీళ్లు పారుతుంటే కిందకి వదిలేయాల్సి వచ్చింది. అదే ఆగస్టులో ఏడు గేట్లు సరిగా పనిచేయట్లేదని కర్ణాటక మంత్రి ఒకరు బయటకే చెప్పారు. గేట్లు బిగించాలంటే ఇందాక చెప్పినట్టు నీళ్లు 1,613 కింద ఉండాలి, అంటే ఎండాకాలం కావాలి. దాంతో 2025–26లో రెండో పంటకి నీళ్లు లేవని నిర్ణయం. రాయచూరు, కొప్పల్, బళ్లారి వైపు వరి రైతులు గగ్గోలు పెట్టారు.

ఇక్కడ లెక్క గమనించండి. గొలుసుల్ని వేళకి మార్చుకుంటూ, ఏడాదికి రెండో మూడో గేట్ల చొప్పున పని చేసుకుంటూ వచ్చి ఉంటే, ఏ ఒక్క సీజన్ కూడా మొత్తంగా పోయేది కాదు. ఇప్పుడు ఇరవై ఏళ్ల బాకీ ఒక్కసారి కట్టాల్సి వచ్చింది. కడుతున్నది ఎవరు? కౌలు రైతు. కౌలు ముందే కట్టేసి ఉంటాడు. రెండో పంట మీదే అప్పు తీరుద్దామనుకుని ఉంటాడు. సేఫ్టీ అనేది పంటకి వ్యతిరేకం అని అతనికి అనిపిస్తే తప్పు అతనిది కాదు. అలా అనిపించేలా చేసింది ఆలస్యం. నా వరకు నేను గేట్లు మార్చాల్సిందే అంటాను, సీజన్ పోయినా సరే. దాంతోపాటు ఆ సీజన్ నష్టాన్ని ఒక్క రైతు మీద పడేయకూడదని కూడా అంటాను. డ్యామ్ మూడు రాష్ట్రాలది అయినప్పుడు ఆ నష్టం కూడా మూడు రాష్ట్రాలదే.

చట్టం లేదా అంటే, ఉంది. డ్యామ్ సేఫ్టీ చట్టం, 2021. ఆ ఏడాది డిసెంబర్ 30 నుంచి అమల్లో ఉంది. మన దేశంలో పెద్ద డ్యాములు 5,000 పైనే, వాటిలో 200కి పైగా వందేళ్లు దాటినవి. ఈ చట్టం ప్రకారం వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి డ్యామ్‌ని తనిఖీ చేయాలి. స్వతంత్ర నిపుణులతో మొత్తం డ్యామ్‌ని పరీక్ష చేయించాలి. ఒక రాష్ట్రం డ్యామ్ ఇంకో రాష్ట్రం నేల మీద ఉంటే, పర్యవేక్షణ జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీదే. నిర్లక్ష్యానికి జైలు శిక్ష కూడా రాసి ఉంది. కాగితం మీద మంచి చట్టమే. అందులో మనకి, అంటే కింద ఉండేవాళ్లకి, ముఖ్యమైనది ఒకటుంది: ప్రతి డ్యామ్‌కీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. డ్యామ్‌కి ఏమైనా అయితే నీళ్లు ఏ ఊరికి ఎన్ని గంటల్లో, ఎంత ఎత్తున వస్తాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, జనం ఎటు వెళ్లాలి. ఇది మీ ఊరి సచివాలయంలో ఉందా? మీ సర్పంచ్ చూశారా? ఆ మ్యాప్ ఇంజినీరింగ్ ఆఫీసు బీరువాలో ఉంటే అది ప్లాన్ కాదు, ఫైలు.

2024 ఆగస్టు 11న మన విపత్తు నిర్వహణ సంస్థ కర్నూలు జిల్లా కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలకి అలర్ట్ ఇచ్చింది. మంచి పని. డ్యామ్ నుంచి అక్కడికి నీళ్లు రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటలే మన ఆస్తి. వాటిని ఎలా వాడుకుంటామన్నదే ప్రశ్న. నది ఒడ్డున మోటార్లు, పైపులు తీసుకోవాలి, ఇసుకలో పనిచేసేవాళ్లు బయటకి రావాలి, గొర్రెల మందల్ని తోలుకుపోవాలి. తుంగభద్ర ఒడ్డున గొర్రెల కాపరులు లంకల మీద చిక్కుకోవడం కొత్త కాదు. వాళ్లలో చాలామంది దగ్గర ఉండేది బటన్ ఫోన్. దానికి వాట్సాప్ రాదు. అందుకే ఊళ్లో చాటింపు, గుడి మైకు, మసీదు మైకు ఇవాళ్టికీ పాతబడలేదు.

కర్నూలు వాళ్లకి 2009 అక్టోబర్ 2 గుర్తు చేయక్కర్లేదు. ఆ వరద డ్యామ్ తప్పు కాదు, డ్యామ్ కింద కురిసిన కుంభవృష్టి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊరి మీద పడ్డాయి. మంత్రాలయం మునిగింది, అలంపూర్ మునిగింది, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. ఆ తరం వాళ్లని అడగండి, నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయో గోడ మీద గీత చూపిస్తారు. ఇప్పుడు ఆ గీత కింద ఎన్ని కొత్త ఇళ్లు కట్టారో కూడా చూడండి. మంచి వాన వల్లే అంత జరిగింది. ఆ రోజే పైన ఒక గేటు లేవకపోతే, లేదా రెండు గేట్లు కొట్టుకుపోతే? భయపెట్టాలని అనట్లేదు. ఈ ప్రశ్నకి జవాబు ఆ అత్యవసర ప్రణాళికలో రాసి ఉండాలి, అందుకే అది చూపించమని అడగాలంటున్నాను.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతి. 2023లో మనందరి ఫోన్లూ ఒకేసారి గట్టిగా బీప్ కొట్టి ఒక టెస్ట్ మెసేజ్ వచ్చింది, గుర్తుందా? చాలామంది హ్యాక్ అయిందనుకున్నారు. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకి, నంబర్ తెలియకపోయినా, ఒకేసారి హెచ్చరిక పంపే పద్ధతి. చిరాకుగా ఉందని దాన్ని సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసినవాళ్లుంటే, ఎమర్జెన్సీ అలర్ట్స్ అని వెతికి ఆన్ చేయండి. సచేత్ అని ప్రభుత్వ యాప్ ఉంది, అందులో మీ జిల్లా పెట్టుకోండి. విపత్తు కంట్రోల్ రూమ్ నంబర్ 1070, సేవ్ చేసి పెట్టుకోండి.

ఇంకొకటి. "డ్యామ్ తెగింది" అని ఫార్వర్డ్ వస్తే మూడు అడగండి: ఏ డ్యామ్, ఏ గేటు, ఎన్ని క్యూసెక్కులు. ఈ మూడూ లేని మెసేజ్ ఎవరు పంపినా ముందుకి పంపొద్దు. ఉత్తుత్తి భయం రెండుసార్లు వచ్చిందంటే, మూడోసారి నిజం హెచ్చరిక వచ్చినా మా తాతమ్మ లాంటి వాళ్లు మంచం దిగరు.

ఇక నది ఒడ్డు ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక పని. వచ్చే గ్రామసభలో లేచి ఒక్క ప్రశ్న వేయండి: "టీబీ డ్యామ్ అత్యవసర ప్రణాళికలో మా ఊరి పేరుందా, ఉంటే ఆ పేజీ చూపించండి." లేదంటారు, తెలీదంటారు. మినిట్స్ పుస్తకంలో రాయించండి. అదే ప్రశ్న సమాచార హక్కు కింద బోర్డుకి కూడా పంపొచ్చు. దాంతోపాటు వానాకాలం ముందు తనిఖీ రిపోర్టు కాపీ కూడా అడగండి. జవాబు వస్తే నాకు పంపండి, చదివి ఇక్కడే చెప్తాను.

వచ్చే ఎపిసోడ్ శ్రీశైలం. గేట్లు దాటి దూకిన నీళ్లు డ్యామ్ కాళ్ల దగ్గర గుంట తవ్వేస్తున్నాయి, ప్లంజ్ పూల్ అంటారు దాన్ని. ఆ గుంట ఎలా ఏర్పడింది, దాన్ని పూడ్చడం ఎందుకంత కష్టం, మాట్లాడుకుందాం. ఉంటాను.